సామీప్యం చాలదు, సంధి కావాలి

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి మన ఆలయాలలో తరచుగా వినిపించేదే. అందులో ఒక అనువాకం సంధిని గురించి చెబుతుంది. రెండు అక్షరాలు పక్కపక్కన చేరినప్పుడు ముందున్నది పూర్వరూపం, తరువాతిది ఉత్తరరూపం. ఆ రెండూ కలిసే చోటు సంధి. కలిపే సాధనం సంధానం. వ్యాకరణ విషయంలా కనిపించే ఈ మాటను ఋషి అక్కడితో ఆపలేదు. భూమికీ ద్యులోకానికీ, అగ్నికీ ఆదిత్యునికీ, తల్లికీ తండ్రికీ అన్వయించాడు. గురుశిష్యుల ప్రసక్తి వచ్చినప్పుడు ఆచార్యుణ్ణి మొదటి అక్షరంగానూ, శిష్యుణ్ణి రెండవ అక్షరంగానూ భావించి, వారిద్దరినీ కలిపేది విద్య అనీ, ఆ కలయికకు సాధనం ప్రవచనమనీ నిర్ణయించాడు.

ఈ ఉపదేశంలో ఒక సూక్ష్మం ఉంది. గురువు, శిష్యుడు ఒకే అరుగుమీద కూర్చున్నంత మాత్రాన సంధి కుదరదు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. నడుమ విద్య ప్రవహించాలి. అప్పుడే ఇద్దరూ ఒకరికొకరు అర్థమవుతారు. వ్యక్తుల విషయంలో నిజమైన ఈ మాట జాతుల విషయంలోనూ నిజమే. భిన్న సంస్కృతుల వారు ఒకే ఊళ్లో వందల ఏళ్లు పక్కపక్కనే ఉండి కూడా ఒకరి మనసు ఒకరు ఎరగకపోవచ్చు. సముద్రాలు దాటి వచ్చిన ఒక జిజ్ఞాసువు కొద్ది సంవత్సరాలలోనే మన శాస్త్రాల లోతు చూడవచ్చు. తేడా ఎక్కడుంది? మన గ్రంథాల చరిత్రలోనే దీనికి సమాధానం దొరుకుతుంది.

జామిత్రం ఎక్కడి మాట?

పెళ్లి ముహూర్తం పెట్టేటప్పుడు సిద్ధాంతిగారు లగ్నం నుంచి సప్తమ స్థానాన్ని పరిశీలిస్తారు. అక్కడ గ్రహం లేకుండా చూడడాన్ని జామిత్ర శుద్ధి అంటారు. వేద మంత్రాల మధ్య, మంగళ వాద్యాల మధ్య వినిపించే ఈ ‘జామిత్ర’ శబ్దం యవనుల భాష నుంచి, అంటే గ్రీకు నుంచి వచ్చింది. ఆ భాషలో ‘డయామెట్రోస్’ అంటే ఎదురుగా, వ్యాసానికి ఆ కొసన ఉన్నది అని అర్థం. లగ్నానికి ఎదురుగా ఉన్న ఏడవ స్థానానికి ఆ పేరు ఎంత చక్కగా అతికిందో చూడండి. జాతక చక్రంలో మనం చెప్పుకునే ‘కేంద్రం’, ‘ద్రేక్కాణం’ సైతం ఆ భాష నుంచి వచ్చి సంస్కృతంలో స్థిరపడినవేనని విద్వాంసుల నిర్ణయం. పంచాంగంలో చూసే ‘హోర’ కూడా అటువంటిదే. అహోరాత్ర శబ్దంలో మొదటి అక్షరం, చివరి అక్షరం లోపించగా హోర మిగిలిందని మన ఆచార్యులు దానికి వ్యుత్పత్తి కల్పించారు. వచ్చిన అతిథికి గోత్రం చెప్పి ఇంట్లో కలుపుకోవడం లాంటిది ఇది.

దీనివల్ల మన జ్యోతిషానికి లోపం వచ్చిందని ఎవరూ బాధపడనక్కరలేదు. తిథి, నక్షత్ర గణనలు లగధుని వేదాంగ జ్యోతిషం నాటి నుంచీ మనకు ఉన్నవే. ఆ పునాదిమీద రాశి, లగ్న, హోరా విభాగాలు వచ్చి చేరాయి. అలా చేర్చుకున్న పెద్దలకు తమ శాస్త్రం పట్ల సంకోచం లేదు, పరుల శాస్త్రం పట్ల ఈర్ష్యా లేదు.

6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరాచార్యుడు ఇందుకు తార్కాణం. ఆయన పంచసిద్ధాంతికలో పైతామహ, వాసిష్ఠ, సౌర, పౌలిశ, రోమక సిద్ధాంతాలను ఒకచోట చేర్చి వివరించాడు. రోమకమనే పేరే దాని పుట్టుకను చెబుతోంది. వాటిలో ఏది ఎంత కచ్చితమో నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఆయన సౌర సిద్ధాంతానికి అగ్రస్థానం ఇచ్చాడు. పౌలిశం స్ఫుటమైనదనీ, రోమకం దానికి చేరువలో ఉన్నదనీ అన్నాడు. పితామహుని పేర, వసిష్ఠుని పేర ఉన్న మిగిలిన రెండూ సత్యానికి దూరమయ్యాయని నిర్మొహమాటంగా చెప్పాడు. సూర్యారాధకుడు, ఆచారపరుడు అయిన పండితుడు ఆకాశంలో కనిపించే గ్రహాన్ని ప్రమాణంగా తీసుకున్నాడే గాని, పేరును చూసి తీర్పు చెప్పలేదు. బృహత్సంహితలో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వారిలో చక్కగా నిలిచి ఉన్నందున వారు కూడా ఋషులవలె పూజలు అందుకుంటున్నారని, అటువంటప్పుడు శాస్త్రం తెలిసిన విప్రుని గురించి వేరే చెప్పాలా అని భావం వచ్చేలా రాశాడు. ‘మ్లేచ్ఛ’ పదం వాడుతూనే ‘ఋషివలె’ అనగలిగిన హృదయం అది.

గజనీ నుంచి వచ్చిన విద్యార్థి

వరాహమిహిరుని ఆ మాటను సుమారు ఐదు వందల ఏళ్ల తరువాత ఒక పరదేశి మనకే గుర్తుచేశాడు. ఆయన అల్ బిరూనీ. 973లో మధ్య ఆసియాలోని ఖ్వారిజంలో పుట్టాడు. గజనీ మహమూదు 1017లో ఆ రాజ్యాన్ని జయించి, అక్కడి పండితులతో పాటు ఆయననూ తన రాజధానికి తరలించాడు. మహమూదు దండయాత్రలు మన ఆలయాలకు చేసిన గాయం అందరికీ తెలిసినదే. ఆ సేనలు తెరిచిన దారినే అల్ బిరూనీ కూడా భారతదేశానికి వచ్చాడు. అయితే ఆయన వెతికింది గ్రంథాల కోసం, వాటిని చెప్పగల పండితుల కోసం.

సంస్కృతం నేర్చుకున్నాడు. పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి ఒక మహాగ్రంథం రాశాడు. ఖండించడానికి కాక, హిందువులు ఏమనుకుంటున్నారో వారి మాటల్లోనే తెలియజేయడానికి రాస్తున్నానని ముందే చెప్పుకున్నాడు. మన జ్యోతిష్కుల వద్ద మొదట శిష్యునిలా నిలుచున్నాననీ, వారి పద్ధతులు కొంత తెలిసిన తరువాత కారణాలు వివరించసాగితే వారు ఆశ్చర్యపోయి, ఏ హిందూ గురువు దగ్గర నేర్చావని అడిగారనీ రాశాడు. తనను విద్యా సముద్రమని కూడా పిలిచారట.

ఆ గ్రంథంలో మనకు చురుక్కుమనిపించే మాట కూడా ఉంది. తన కాలంనాటి హిందూ పండితులు తమ దేశాన్ని మించిన దేశం లేదనీ, తమ శాస్త్రాన్ని మించిన శాస్త్రం లేదనీ నమ్ముతున్నారనీ, తెలిసినది ఇతరులకు చెప్పడానికి వెనుకాడుతున్నారనీ ఆయన ఫిర్యాదు చేశాడు. వీరి పూర్వులు ఇంత ఇరుకుగా లేరంటూ, యవనులను గౌరవించిన వరాహమిహిరుని వాక్యాన్నే సాక్ష్యంగా చూపాడు. అయితే ఆ బిగింపునకు కారణాన్ని ఆయన దాచలేదు. మహమూదు ఈ దేశపు సంపదను నాశనం చేశాడనీ, హిందువులు ధూళికణాల్లా చెదిరిపోయారనీ, అందుకే పరాయివారి పట్ల వారిలో తీవ్రమైన విముఖత నాటుకున్నదనీ, వారి విద్యలు దూర ప్రాంతాలకు తరలిపోయాయనీ ఆయనే రాశాడు. తన సుల్తాను చేసిన పనిని పేర్కొని, అవతలివారి కోపంలో న్యాయం ఉన్నదని గ్రహించిన పండితుడు ఆయన.

ఇక్కడ మనం గ్రహించవలసినది ఉంది. ఒకే సమయంలో, ఒకే దారిన వచ్చిన ఇద్దరిలో ఒకరు కత్తితో వచ్చారు, ఒకరు ప్రశ్నతో వచ్చారు. కత్తి తలుపులు మూయించింది. ప్రశ్న వాటిని కొద్దిగానైనా తెరిపించింది. సంస్కృతుల కలయికను పొగిడేవారు ఆ మూతపడిన తలుపులను మరచిపోకూడదు. మూసుకోవడమే ధర్మమనుకునేవారు వరాహమిహిరుణ్ణి మరచిపోకూడదు.

కాశీ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి పారిస్‌కు

1657లో ఢిల్లీలో ఒక అపురూపమైన గోష్ఠి జరిగింది. షాజహాన్ చక్రవర్తి పెద్దకుమారుడు దారా షికోహ్ కాశీ నుంచి పండితులను, సన్యాసులను పిలిపించి, వారిని దగ్గర ఉంచుకుని సుమారు 50 ఉపనిషత్తులను పారశీక భాషలోకి అనువదింపజేశాడు. దానికి ‘సిర్రె అక్బర్’ అని పేరు పెట్టాడు. మహారహస్యం అని అర్థం. ఉపనిషత్తు అనే మాటకు ‘రహస్యం’ అని మన సంప్రదాయంలో ఉన్న అర్థమే అది. భగవంతుడు ఒక్కడే అన్న తన మతసిద్ధాంతానికి లోతైన వివరణ వెతుకుతూ ఆ రాకుమారుడు ఉపనిషత్తుల దగ్గరకు వచ్చాడు.

ఆ అనువాదంలో ఒక విశేషాన్ని పరిశోధకులు గుర్తించారు. అక్కడక్కడ మూలంలో లేని వివరణలు, శంకర భగవత్పాదుల భాష్యంలోని భావాలు అందులో కలిసి ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పండితులు మంత్రం చదివి ఊరుకోలేదు, దానిని పాఠం చెప్పారు. శీక్షావల్లి చెప్పిన ప్రవచనం అక్కడ జరిగింది. ఆ సన్యాసుల పేర్లు లోకానికి తెలియవు. కాశీ వదిలి, రాజగృహానికి వెళ్లి, పరమతస్థుడైన రాకుమారునికి బ్రహ్మవిద్యను వివరించడానికి వారు తమలో తాము ఎంత చర్చించుకున్నారో! ఆ తరువాత 1659లో, వారసత్వ యుద్ధంలో ఓడిన దారాను తమ్ముడు ఔరంగజేబు మతద్రోహి అన్న నేరం మోపి చంపించాడు. కాని గ్రంథం చావలేదు.

ఆ పారశీక ప్రతి ఒకటి 1775లో ఫ్రాన్స్‌లో ఉన్న ఆంక్వెటిల్ దుపెరాన్ అనే పండితుని చేతికి చేరింది. ఆయన యౌవనంలో, 1755లో, సైనికుడిగా పేరు నమోదు చేయించుకుని భారతదేశానికి వచ్చినవాడు. సూరత్‌లో పార్సీ దస్తూర్ల వద్ద వారి పవిత్ర గ్రంథమైన అవెస్తాను చదువుకున్నవాడు. దారా గ్రంథాన్ని ఆయన లాటిన్‌లోకి మార్చి 1801, 1802 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువరించాడు. దాని పేరు ‘ఔప్నెఖత్’. ఉపనిషత్ శబ్దం పారశీకుల నోట మారి అలా అయింది. సంస్కృతం నుంచి పారశీకానికి, అక్కడి నుంచి లాటిన్‌కు చేరిన ఆ పుస్తకాన్ని జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్ 1814లో చదివాడు. ఆ తరువాత జీవితాంతం దానిని దగ్గర ఉంచుకున్నాడు. తన జీవితానికి అదే ఊరట అనీ, మరణంలోనూ అదే ఊరట అనీ రాసుకున్నాడు. తన పెంపుడు కుక్కకు ‘ఆత్మ’ అని పేరు పెట్టుకున్నాడంటే నవ్వు రావచ్చు. సకల ప్రాణులలో ఉన్నది ఒకటే అన్న ఉపదేశాన్ని ఆయన తన తీరున పాటించాడు.

రెండు భాషల తెరల వెనుక నుంచి చూసినా ఉపనిషత్తు ఒక పరదేశి గుండెను తాకింది. ఆ తాకిడి అక్కడితో ఆగలేదు. షోపెన్‌హావర్ గ్రంథాలవల్ల ప్రేరణ పొందిన పాల్ డాయిసన్ సంస్కృతం నేర్చి, 1897లో 60 ఉపనిషత్తులను మూలం నుంచే జర్మన్ భాషలోకి తెచ్చాడు. తనను దేవసేనుడని పిలుచుకుని మురిసిన ఆయన ఇంటికి 1896లో స్వామి వివేకానంద అతిథిగా వెళ్లారు. నీడను చూసినవాడు చెట్టును వెతుక్కుంటూ వచ్చాడన్నమాట.

అనుమానంతో మొదలై, ఆదరంతో ముగిసి

1783లో సర్ విలియం జోన్స్ కలకత్తా సుప్రీం కోర్టుకు న్యాయమూర్తిగా వచ్చాడు. ధర్మశాస్త్రాల ప్రకారం తీర్పు చెప్పేటప్పుడు కోర్టు పండితులు చెప్పినదే నమ్మవలసి రావడం ఆయనకు నచ్చలేదు. వారు నిజం చెబుతున్నారో లేదో తెలుసుకోవాలని సంస్కృతం నేర్చుకోవడానికి పూనుకున్నాడు. మొదలైంది అనుమానంతోనే. నదియా ప్రాంతంలో బ్రాహ్మణ పండితులు చెప్పడానికి ఒప్పుకోలేదు. చివరకు వైద్యకులానికి చెందిన రామలోచనుడనే పండితుడు ఆయనకు గురువయ్యాడు. 1786లో ఆయన ఆసియాటిక్ సొసైటీ వేదికమీద సంస్కృత భాషా సౌష్ఠవాన్ని కొనియాడుతూ, దానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ పుట్టుక ఒకటే అయి ఉండాలని ప్రకటించాడు. 1789లో ఆయన ప్రచురించిన శాకుంతలానువాదం జర్మనీకి చేరి గోథే మహాకవిని పరవశింపజేసింది. అనుమానించడానికి వచ్చినవాడు ఆరాధకుడిగా మారాడు. మార్చింది రామలోచనుని పాఠం.

అదే కాలంలో చార్లెస్ విల్కిన్స్ కాశీలో కాశీనాథ పండితుని సాయంతో భగవద్గీతను ఆంగ్లంలోకి అనువదించాడు. అది 1785లో లండన్‌లో అచ్చయింది. దానికి పీఠిక రాసిన వారన్ హేస్టింగ్స్, భారతదేశంలో బ్రిటిష్ ఏలుబడి అంతరించిన తరువాత కూడా ఇటువంటి గ్రంథాలు నిలిచి ఉంటాయన్న భావాన్ని వ్యక్తం చేశాడు. పాలకుని కలం నుంచి వచ్చిన ఆ జోస్యం ఫలించడం మనం చూశాం.

మన తెలుగు సీమ సంగతి కూడా చెప్పుకోవాలి. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన సొంత ధనంతో పండితులను పోషించి తాళపత్రాలు సేకరింపజేశాడు, పాఠాలు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించాడు. ఆయన నిఘంటువు లేని తెలుగు విద్వాంసుని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. ఆ కీర్తిలో జూలూరి అప్పయ్య వంటి పండితులకు న్యాయమైన భాగముంది.

వీరందరూ బ్రిటిష్ ఏలుబడి కొలువువారే. వారి విద్యలో పాలనా ప్రయోజనం కలిసి ఉన్నమాట కాదనలేం. కాని అదే కొలువుకు 1834లో వచ్చిన మెకాలేను వారి పక్కన నిలబెట్టి చూడండి. 1835లో ఆయన, ఒక మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అర, భారత, అరబ్బీ సాహిత్యాలన్నింటికీ సమానమన్న భావంతో నివేదిక రాశాడు. తనకు సంస్కృతం గాని అరబ్బీ గాని రాదని అందులోనే ఒప్పుకున్నాడు. నేర్వనిదానికి వెల కట్టిన తీర్పు అది. నేలా ఒకటే, నీరూ ఒకటే, కాలమూ దగ్గరదే. జోన్స్‌కు ఒక రామలోచనుడు ఉన్నాడు, మెకాలేకు లేడు.

స్వరం లేని అక్షరం

విజయనగర సామ్రాజ్యంలో 14వ శతాబ్దాన బుక్కరాయల ప్రేరణతో సాయణాచార్యుడు వేదభాష్యాలు రచించాడు. ఆయన కొంతకాలం నెల్లూరు సీమలోని ఉదయగిరిలో కంపరాయలకు, ఆయన కుమారుడు సంగమరాయలకు మంత్రిగా ఉన్నవాడు కూడా. ఆయన ఋగ్వేద భాష్యాన్ని మూలంతో సహా ఆక్స్‌ఫర్డ్ పండితుడు మాక్స్ ముల్లర్ 1849 నుంచి 1874 వరకు పరిశ్రమించి ఆరు సంపుటాలుగా ముద్రింపజేశాడు. ఆ కృషికి మనం ఋణపడి ఉన్నాం. అయితే మాక్స్ ముల్లర్ ఒక్కసారైనా భారతదేశంలో అడుగుపెట్టలేదు. వేదాన్ని మానవజాతి బాల్యపు పలుకులుగా చూశాడు. దానిని అపౌరుషేయమని నమ్మి, ప్రాణంలా కాపాడిన నోటి దగ్గర కూర్చుని వినే అవకాశం ఆయనకు లేకపోయింది.

వేదం విషయంలో వినడమెంత ముఖ్యమో తైత్తిరీయ సంహితలోని వృత్రాసుర కథ చెబుతుంది. తన కుమారుడు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపగా, త్వష్ట ఇంద్రుణ్ణి సంహరించేవాడు పుట్టాలని హోమం చేశాడు. ‘ఇంద్రశత్రు’ అనే పదంలో ఉదాత్తం చివర ఉంటే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం. మొదట ఉంటే ఇంద్రుని చేత చచ్చేవాడని అర్థం. త్వష్ట స్వరం తప్పి పలికాడు. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడు. అక్షరాలు అవే. స్వరం మారితే కోరిన వరమే శాపమైంది.

పరాయి సంస్కృతిని పుస్తకంలో మాత్రమే చదివేవారికి అక్షరం అందుతుంది, స్వరం అందదు. మన ఆచారాలను గురించి విదేశీయులు చేసిన అనేక అపార్థాలకు మూలం ఇదే. ఇతరుల మతాలను గురించి మనం వినికిడి మీద ఏర్పరచుకున్న అభిప్రాయాలకూ మూలం ఇదే. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ సంపదగా ప్రకటించినప్పుడు గౌరవించినది ముద్రిత గ్రంథాన్ని కాదు, గురుముఖం నుంచి శిష్యముఖానికి నడిచే ఆ స్వరాన్ని.

అడ్డుతెర ముందు ఒక ప్రశ్న

ఇది రాజులకూ పండితులకూ మాత్రమే సంబంధించిన విషయమని అనుకోనక్కరలేదు. ఈనాడు మన ఇళ్లలోనే సముద్రాలు కలుస్తున్నాయి. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడుతున్నారు. అక్కడివారు కోడళ్లుగా, అల్లుళ్లుగా మన పీటలమీదకు వస్తున్నారు.

కొన్నేళ్ల క్రితం నేను జరిపించిన ఒక వివాహంలో వరుడు ఐరోపావాసి. ఆయన తండ్రి, వయసు మళ్లిన పెద్దమనిషి, పట్టుపంచె కట్టుకుని శ్రద్ధగా పక్కన కూర్చున్నారు. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టగానే, ఈ గుడ్డ ఎందుకని వధువు అన్నగారిని అడిగారు. పెళ్లివారిలో ఎవరో, “అదో ఆచారం లెండి. ఇప్పుడు అవన్నీ ఎందుకు, ముహూర్తం దగ్గర పడుతోంది” అన్నారు. ముహూర్తానికి ఇంకా వ్యవధి ఉంది. నేను చెప్పాను. “సుముహూర్తం వరకు వీరిద్దరూ వేరువేరు ఇళ్ల పిల్లలు. శుభ ఘడియలో జీలకర్ర బెల్లం ఒకరి శిరస్సున ఒకరు ఉంచుతారు. అప్పుడు తెర తొలగుతుంది. దంపతులుగా వారి మొదటి చూపు ఆ మంగళ క్షణంలో కలవాలని ఈ ఏర్పాటు.”

ఆ అబ్బాయి దానిని తండ్రీకొడుకులకు వివరించాడు. పెద్దాయన ముఖం వికసించింది. పెళ్లినాటి ఉదయం వరుడు వధువును చూడకూడదని, ప్రార్థనా మందిరంలోనే మొదటిసారి చూడాలని తన అమ్మమ్మ చెప్పేదట. అంతలో వధువు నాయనమ్మగారు, “పంతులుగారూ, డెబ్బై ఏళ్లుగా పెళ్లిళ్లు చూస్తున్నాను. తెర ఎందుకో ఇవాళ తెలిసింది నాయనా” అన్నారు.

ఆ మాట అప్పటి నుంచి నా మనసులో నిలిచిపోయింది. పరదేశి అడిగిన ప్రశ్న అతనికే కాదు, మన ఇంటి పెద్దకూ వెలుగు చూపింది. నిత్యం చూసేదానిని మనం అడగం. కొత్తగా వచ్చినవాడు అడుగుతాడు. అతడు అడిగినప్పుడు చెప్పడానికి మన దగ్గర ఏమీ లేకపోతే ఆ లోటు అతనిది కాదు. రేపు అదే ప్రశ్నను మన మనుమడు అడుగుతాడు. ‘అదో ఆచారం’ అన్న జవాబుతో వాడు ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి ఊరుకుంటాడు. మూడోసారి అడగడం మానేస్తాడు. ఆనాటితో వాడు మన ఇంట్లోనే పరదేశి అవుతాడు. మెకాలే ఎక్కడో పుట్టనక్కరలేదు, జవాబు దొరకని ఇంట్లోనూ పుట్టవచ్చు.

అందువల్ల గృహస్థులకు నా విన్నపం ఒకటే. ఇంట్లో చేసే ప్రతి వ్రతానికి, ప్రతి పండుగకు అర్థం అడిగి తెలుసుకోండి. పురోహితుణ్ణి అడగండి. తెలియకపోతే తెలుసుకుని చెబుతానని అనడం ఆయనకు చిన్నతనం కాదు. అలాగే పొరుగువారి ఉపవాసానికి, ప్రార్థనకు అర్థమేమిటో వారినే అడిగి వినండి. అల్ బిరూనీ వలె, వారి మాటల్లోనే వినండి. అలా విన్నందువల్ల మన నిష్ఠకు భంగం కలుగుతుందన్న భయం అనవసరం.  శాకుంతలాన్ని ప్రేమించిన జోన్స్ క్రైస్తవుడిగానే కన్నుమూశాడు. యవనులను ఋషులతో పోల్చిన వరాహమిహిరుడు వేదమార్గాన్ని వదలలేదు.

వేద విద్యార్థికి మొదట సంహితా పాఠం నేర్పుతారు. అందులో పదాలు ఒకదానితో ఒకటి సంధి కుదిరి ప్రవహిస్తాయి. తరువాత పదపాఠం నేర్పుతారు. అక్కడ ప్రతి పదమూ విడిగా, తన సొంత రూపంతో, తన సొంత స్వరంతో నిలుస్తుంది. క్రమపాఠంలో మళ్లీ రెండేసి పదాలు చేయి కలుపుతాయి. కలిసినందువల్ల ఏ పదమూ నశించలేదు, విడిపోయినందువల్ల మంత్రమూ చెదరలేదు. రెండు పాఠాలూ వచ్చినవానినే వేదం వచ్చినవాడంటారు.